ఏడేళ్ల బి.ఎ.

"బి.ఎ. చేసి ఏం చేస్తడు సార్ మావోడు?" అని అడ్మిషన్ల కాలంలో తండ్రులు అడిగే ప్రశ్నలో కోపం ఉండదు, పరామర్శ ఉంటుంది. నల్లగొండలో పాతికేళ్లుగా చరిత్ర పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నేను ఆ పరామర్శకు అలవాటుపడ్డాను. డిగ్రీ సీట్లు పంచే ఆన్‌లైన్ 'దోస్త్'లో పెట్టిన ఆప్షన్లన్నీ చేజారి, అట్టడుగున రాసిన హిస్టరీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ మిగిలితే, పిల్లవాడికి సీటు వచ్చిందని మావైపు ఎవరూ అనరు, బి.ఎ.లో పడ్డడని అంటారు, బావిలో పడ్డవాడి గురించి చెప్పినట్టే.

ఈ అపప్రథను తొలగించే సదుద్దేశంతో మొన్న మా కాలేజీలో 'లిబరల్ ఆర్ట్స్ విద్య – ఉద్యోగ సంసిద్ధత' అనే సదస్సు జరిపాము. ఫ్లెక్సీ మీద ఆర్ట్స్ అన్న మాట చూసి పక్క వీధిలోని డ్రాయింగ్ మాస్టారు చార్టులు చంకన పెట్టుకుని వచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన ముఖ్యవక్త, డిగ్రీ విద్యార్థి మార్కెట్టుకు తగిన సరుకుగా తయారు కావాలని, అందుకు టై కట్టుకోవడం, గట్టిగా చేయి కలపడం, ఎక్సెల్ నేర్చుకోవడం తప్పనిసరి అని గంటంబావు సేపు సెలవిచ్చారు. మరి చరిత్ర మాటేమిటని అడిగితే, దాన్ని రెజ్యూమేలో 'అభిరుచులు' కింద రాసుకోవచ్చని పెద్దమనసుతో అనుమతించారు. ఇంతకీ డ్రాయింగ్ మాస్టారే ఆయన కంటే విషయానికి దగ్గరగా మాట్లాడారని నా అభిప్రాయం.

పాలమూరు గడ్డ మీద పుట్టి బి.ఎ., బి.ఎల్. చదివిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ఒక సంచిక తెచ్చారు. పాపం, ఆ కాలంలో ఎక్సెల్ లేదు. ఉండి ఉంటే ఆయన కూడా ఏదో ఒక కంపెనీలో డేటా ఎంట్రీకి ఎంపికై సుఖపడేవారు.

అయితే సదస్సులో ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. మా జిల్లాలో బి.ఎ. చదువు మీద నిజమైన మక్కువ ఉన్నవారు బి.ఎ. విద్యార్థులు కారు, ఇంజినీర్లు. నాలుగేళ్లు బి.టెక్. చదివి, ఒకటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ కొలువు చేసి, ఆ తర్వాత హైదరాబాదులో కోచింగ్ సెంటర్లకు నెలవైన అశోక్‌నగర్‌లో మంచం అద్దెకు తీసుకుని వారు చదివేది ఏమిటి? రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2లో ఉన్న నాలుగు పేపర్లూ కలిపి 600 మార్కులు. జనరల్ స్టడీస్ పోను, మిగిలినవన్నీ చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం. ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 371-డి అధికరణం, ఇవన్నీ కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుడు రాత్రి రెండింటి దాకా బట్టీ పడుతుంటే, వాటిని పగటిపూట ఫ్యాను కింద తీరిగ్గా విన్న మా విద్యార్థి మాత్రం ఎక్సెల్ క్లాసులో కూర్చుంటున్నాడు. పైగా 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చి, వాయిదాల మీద వాయిదాలు పడి, 2024 డిసెంబరులో గానీ పరీక్ష జరగలేదు. దరఖాస్తు చేసిన ఐదున్నర లక్షల మందికి పైగా అభ్యర్థులకు చరిత్రలో ఒక యుగం అంటే ఎంత పొడుగుంటుందో స్వానుభవంతో తెలిసివచ్చింది. కాబట్టి ప్రభుత్వం ఈ వాస్తవాన్ని గుర్తించి, ముందు నాలుగేళ్లు ఇంజినీరింగ్, ఆపైన మూడేళ్లు అశోక్‌నగర్‌గా ఏడేళ్ల ఉమ్మడి బి.ఎ. కోర్సును అధికారికంగా ప్రకటించాలని, మంచం అద్దెకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తింపజేయాలని సవినయంగా కోరుతున్నాను.

సదస్సు సాయంత్రమే జాబ్ మేళా పెట్టాము. మర్రిగూడ వైపు నుంచి వచ్చే మా మూడో సంవత్సరం కుర్రవాణ్ణి ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అని అడిగారట. తన గురించి చెప్పాలంటే తాత గురించి చెప్పాలని, తాత గురించి చెప్పాలంటే 1946 నుంచి మొదలుపెట్టాలని నేను నేర్పిన పద్ధతిలోనే వాడు సాయుధ పోరాటంతో ఎత్తుకున్నాడు. నాగార్జునసాగర్ కట్టినా తమ ఊరికి నీళ్లెందుకు ఎక్కలేదో, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి నాయనమ్మ నడుము ఎందుకు వంగిపోయిందో చెబుతుండగానే కేటాయించిన మూడు నిమిషాలు అయిపోయాయి. అప్పటికి వాడింకా పుట్టలేదు. మాటకారితనం బాగుందని మెచ్చుకుని, క్లాక్ టవర్ దగ్గర ఒక సెల్‌ఫోన్ దుకాణంలో సేల్స్‌మన్‌గా తీసుకున్నారు.

మొన్న నా పాత ఫోను పాడైతే ఆ దుకాణానికే వెళ్లాను. మావాడి మెడలో టై, చేతిలో ట్యాబ్. ఇరవై వేల ఫోనుకు వడ్డీ లేని వాయిదాలున్నాయని గడగడా అప్పజెప్పినవాడు, ఉన్నట్టుండి మేనేజరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సార్, వడ్డీ లేదంటరు గని ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటరు, ఒక్క నెల తప్పితే ఫైన్ మీద ఫైన్. పుట్టెడు వడ్లిచ్చి పంటకు పుట్టిన్నర కొలిపిచ్చుకున్నరని మీరు చెప్పిన నాగు వడ్డీ ముచ్చట ఇదే గద సార్?"

పదిహేనేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను, అంత చక్కగా నేనెప్పుడూ వివరించలేదు. కళ్లు చెమర్చాయి. వాడు చూపించిన చోట వేలిముద్ర వేసి, పన్నెండు వాయిదాలకు ఒప్పుకుని ఫోను తెచ్చుకున్నాను.