కొన్నవెన్ని? విన్నవెన్ని?

2016 చివర్లో సంగీత ప్రపంచంలో ఓ తమాషా వార్త చక్కర్లు కొట్టింది. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ సీడీలు అమ్ముడుపోయింది డ్రేక్‌వీ కాదు, బియాన్సేవీ కాదు, 1791లో కన్నుమూసిన మొజార్ట్‌వని. ఆయన పోయి 225 ఏళ్లయిన సందర్భంగా డెక్కా, డాయిష్ గ్రామోఫోన్ సంస్థలు ఆయన సంగీతమంతా ఒక్క పెట్టెలో సర్ది అమ్మాయి. పెట్టెలో 200 సీడీలు. అమ్ముడైన పెట్టెలు ఆరు వేల పైచిలుకే. కానీ సీడీలను విడివిడిగా లెక్కేసేసరికి పన్నెండున్నర లక్షలయ్యాయి.

ఆ పెట్టెలో ఉన్నది 240 గంటల సంగీతం. రోజుకో గంట చొప్పున వింటే ఎనిమిది నెలలు పడుతుంది. కొన్న ఆరు వేల మందిలో 150వ సీడీ దాకా వెళ్లినవాళ్లు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన అవసరం వ్యాపారానికి లేదు. పెట్టె గుమ్మం దాటితే చాలు, దాని పని అయిపోయినట్టే. సంగీతం కూడబెట్టే మన అలవాటు గురించి మాట్లాడేటప్పుడు ముందు గమనించాల్సింది ఈ తేడానే. కొన్నదానికి రశీదు ఉంటుంది, విన్నదానికి ఉండదు.

ఓ చిన్న లెక్క వేద్దాం. ఆల్బమ్ సగటున 45 నిమిషాలనుకుందాం. ఉద్యోగం, ట్రాఫిక్, వంట, పిల్లల హోంవర్కు పోగా రోజుకో గంట మనసు పెట్టి వినగలిగితే ఏడాదికి 365 గంటలు. అంటే దాదాపు 486 ఆల్బమ్‌లు, అదీ ఒక్కోటి ఒక్కసారే. కానీ ఒక్కసారి విన్నంత మాత్రాన ఏ సంగీతమూ మనదైపోదు. అనగా అనగా రాగం అతిశయిల్లుతుందని మనకు చిన్నప్పుడే బడిలో చెప్పారు. మళ్లీ మళ్లీ ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రయోగాలతో చూపించారు. ఒక్కో ఆల్బమ్‌ని ఐదుసార్లు వినాలనుకుంటే ఏడాదికి వంద కూడా పూర్తికావు. నలభై ఏళ్ల శ్రోత జీవితానికి నాలుగు వేల లోపే. జలుబులు, పెళ్లిళ్లు, ఎన్నికల రాత్రులు ఏవీ అడ్డురావనుకుంటేనే ఆ మాత్రం.

బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా కొత్త సంగీతం వినిపించిన జాన్ పీల్ దగ్గర సుమారు 26 వేల ఎల్పీలు (ఆల్బమ్ మొత్తం పట్టే పెద్ద రికార్డులు), 40 వేల సింగిల్స్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డులు) ఉండేవి. రోజుకో గంట లెక్కన ఆ ఎల్పీలను తలా ఒకసారి వినడానికే 53 ఏళ్లు కావాలి. పీల్‌కు వినడమే ఉద్యోగం కాబట్టి సరిపోయింది. మనకు సంగీతం వినిపిస్తూ జీతమిచ్చేవారు లేరు. ఇక స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటి చోట్ల పది కోట్లకు పైగా పాటలున్నాయి. పాట మూడు నిమిషాలే అనుకున్నా, నిద్రాహారాలు మాని వింటే 570 ఏళ్లు.

మనవాళ్లలో ఈ అలవాటు ఎలా మారుతూ వచ్చిందో చూస్తే రోగం మూలం కొంత తెలుస్తుంది. ఎనభైల్లో, తొంభైల్లో ఊరికో క్యాసెట్ల కొట్టు ఉండేది. ఖాళీ సోనీయో టీడీకేనో కొని, తెల్లకాగితం మీద పాటల పట్టిక రాసి ఇచ్చి వస్తే రెండు మూడు రోజుల్లో ఎల్పీల నుంచి ఎక్కించి ఇచ్చేవారు. కాపీరైట్ చట్టం ఒప్పుకునే పని కాదనుకోండి, అది వేరే కథ. 60 నిమిషాల టేపులో పట్టేవి పదమూడో పద్నాలుగో పాటలు. ఆ పట్టిక రాయడానికే వారం పట్టేది. ఎ వైపు చివర మూడు నిమిషాలు మిగిలితే అక్కడ ఏ పాట ఇరికించాలన్నది ఇంటిల్లిపాదీ తేల్చాల్సిన సమస్య. కొట్టువాడి అంచనా తప్పితే చివరి చరణం మధ్యలో టక్కున తెగేది. ఆ పాట ఎప్పుడు రేడియోలో విన్నా సరిగ్గా అక్కడికి రాగానే చెవి ఆగి చూసేది. పట్టిక రాసుకోవడంలోనే, క్యాసెట్టు చేతికి రాకముందే సగం వినడం అయిపోయేది. మిగతా సగం, రిబ్బను అరిగేదాకా.

రెండు వేల సంవత్సరం దాటాక ఎంపీ3 సీడీలు ఫుట్‌పాత్‌ల మీదికి వచ్చాయి. 700 మెగాబైట్ల సీడీ. అప్పటి మామూలు నాణ్యతలో నిమిషం పాటకు సుమారు ఒక మెగాబైటు. అందుకే కవరు మీద ఘంటసాల నూట యాభై పాటలు అని ఉండేది. పట్టిక రాసే పని పోయింది. ఆ సీడీని ఇరవై ఏళ్లు కారులో వాడినవాళ్లను అడగండి, మొదటి ముప్పై పాటలు వరుసగా చెబుతారు, ఎనభై తర్వాత ఏముందో తెలియదంటారు. తర్వాత హార్డ్‌డిస్కులు వచ్చాయి. అరచేతిలో పట్టే ఒక టెరాబైటు డిస్కులో అదే నాణ్యతతో పదహారు వేల గంటలకు పైగా సంగీతం పడుతుంది, అంటే రోజుకో గంట చొప్పున 45 ఏళ్లకు సరిపడా. ఏ స్నేహితుడి డిస్కు తెరిచినా ‘ఇళయరాజా కంప్లీట్’ అని ఓ ఫోల్డరు, దాని పక్కనే ‘ఇళయరాజా న్యూ’, ఆ పక్కన ‘న్యూ ఫోల్డర్ 3’. వెయ్యి సినిమాలు దాటిన మనిషి సంగీతాన్ని పెన్‌డ్రైవ్‌లో పావుగంటలో దింపుకున్నాం. వింటున్నది మాత్రం కాలేజీ రోజుల్లో విన్న ఆ ఇరవై పాటలే.

దీన్ని ఉత్త అత్యాశ అనేస్తే సగమే చెప్పినట్టు. కరువులో పెరిగినవాడికి ధాన్యం చూస్తే గాదె నింపాలనిపిస్తుంది. ఒకప్పుడు ఎల్పీ మార్కెట్లోంచి పోయిందంటే పోయినట్టే, మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. కనబడినప్పుడే కొనుక్కోవాలన్న బుద్ధి అప్పుడు సరైనదే. ఇప్పుడు అవసరం తీరిపోయినా ఆ బుద్ధి పోలేదు. పూర్తిగా తీరలేదనీ కొందరు వాదిస్తారు, అందులో నిజముంది. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. 2024 జనవరి ఆఖరుకి రెస్సో అనే పాటల యాప్ మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వారు తమ పాటల యాప్ వింక్‌ని మూసేశారు. ఏళ్ల తరబడి పేర్చుకున్న ప్లేలిస్టులు చాలామందికి చేజారాయి. అయితే పోయినవేమిటో సరిగ్గా చూడాలి. పోయింది ఎక్కువగా పట్టికలు, పాటలు కావు. పాటలు ఇంకో యాప్‌లో దొరుకుతూనే ఉన్నాయి. పోయిన దాన్ని, అంటే మన ఎంపికని, దాచుకోవడానికి టెరాబైటు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు.

కొనడంలోని ఆనందం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, అంతకుముందు వినని పాటల ముక్కలు అర నిమిషం చొప్పున వినిపించి, ఈ పాటకు నీ జేబులోంచి ఎంత ఇస్తావని అడిగారు. మెదడులో ఆశకూ బహుమానానికీ సంబంధించిన చోట ఎంత చలనం ఉంటే అంత ఎక్కువ రేటు పలికారు. నాకు తోచింది ఇది: మనం డబ్బు పెట్టేది విన్న ఆనందానికి కాదు, వినబోయే ఆనందానికి. సీలు తియ్యని రికార్డు ఆ ఆశను ఎప్పటికీ చెడనివ్వదు. విన్న రికార్డు మాత్రం ఒక్కోసారి నిరాశపరుస్తుంది. వినకుండా ఉంచుకోవడంలో ఆ సౌఖ్యం ఉంది. దాన్ని నేను తప్పుపట్టను. పట్టుచీరల బీరువాను తప్పుపట్టని సమాజం రికార్డుల బీరువా మీదే ఎందుకు పడాలి?

తప్పుపట్టాల్సింది ఆ బలహీనతని పట్టుకుని నడిపే వ్యాపారాన్ని. అమెరికాలో అమ్మకాల లెక్కలు చూసే లూమినేట్ సంస్థ, గడిచిన ఏడాదిలో వినైల్ రికార్డులు కొన్నవారిలో సగం మందికే రికార్డు ప్లేయర్ ఉందని 2023లో వెల్లడించింది. మిగతా సగం మంది ఆ నల్లటి పళ్లేన్ని గోడకు తగిలించుకుంటున్నారో, అట్టపెట్టెలో దాచుకుంటున్నారో. 2022లో గాయని టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ నాలుగు రకాల కవర్లతో వచ్చింది. నాలుగూ కొని వెనక అట్టలు కలిపి పేరిస్తే గడియారం బొమ్మ అవుతుంది. పాటలు నాలుగింట్లోనూ అవే. కొరియా పాప్ వ్యాపారం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆల్బమ్ లోపల ఏ సభ్యుడి ఫొటో కార్డు వస్తుందో తెలియదు. కావలసినది వచ్చేదాకా కొంటూ ఉండాలి. 2024లో టోక్యోలోని షిబుయా వీధిలో సెవెన్‌టీన్ బృందం ఆల్బమ్‌లు పెట్టెలకు పెట్టెలు వదిలేసి ఉన్న ఫొటోలు ప్రపంచమంతా చూసింది. కార్డులు తీసుకుని డిస్కులు రోడ్డున పడేశారు. ఇక్కడ ఆల్బమ్ అంటే లాటరీ టిక్కెట్టు, అందులో సంగీతం కూడా ఉంటుందంతే.

దీనికి విరుగుడుగా ఇంటర్నెట్ నిండా దొరికే సలహా ఒకటుంది: ఏడాదిగా విననిది వదిలించుకోండి అని. ఈ సలహా నాకు అస్సలు నచ్చదు. తిరుమలలో ఏం జరిగిందో చూడండి. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు పట్టించుకునే నాథుడు లేక పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వెలికి తీసి, పరిష్కరించి, అచ్చువేశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ పని కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. అన్నమయ్య 32 వేల కీర్తనలు రచించాడని ప్రతీతి, దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవన్నీ విన్న తెలుగువాడు ఉంటాడని నేననుకోను. అయినా ఆ రేకులు దాచడం దండగన్నవారు లేరు. విననిది పారేయాలన్న సూత్రం పదహారో శతాబ్దంలోనే అమలై ఉంటే ఈరోజు మన పెళ్లిళ్లలో, కచేరీల్లో సగం పాటలు ఉండేవి కావు.

కాబట్టి వినకుండా దాచడం అన్నదే నేరం కాదు. నేను అడిగేవి రెండు ప్రశ్నలు. నీ దగ్గరున్నది ఇంకెక్కడైనా ఉందా? అందులో ఏముందో నువ్వు లేనప్పుడు ఇంకొకరికి అర్థమవుతుందా? రాగిరేకుల మీదున్నవాటిలో చాలావాటికి వేరే ప్రతి లేదు. పైగా ప్రతి కీర్తన మీదా రాగం పేరు చెక్కి ఉంది. మన టెరాబైటు డిస్కుల సంగతి సరిగ్గా తిరగేసి. అందులో ఉన్నది లక్షమంది దగ్గర ఉంది, ఫైలు పేరేమో ‘ట్రాక్ 07’.

చెన్నైలో ఉంటూ వేలాది 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు) రికార్డులు సేకరించిన వి.ఎ.కె. రంగారావు గారి కృషిని ఈ కొలతతోనే చూడాలి. ఆ రికార్డులో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. సినిమాలో పాట పొడవుగా ఉంటే రికార్డు కోసం కత్తిరించేవారు, కొన్నిసార్లు మాటలూ గొంతూ కూడా మారేవి. తెర మీద వేసిన పేరు ఒకటి, రికార్డు లేబుల్ మీద మరొకటి ఉండేవి. తెలుగు సినిమా పాట గురించి ఆయన రాసిన కాలమ్‌లు చదివితే సేకరణకూ సరంజామాకూ తేడా తెలుస్తుంది. ముంబైలో 1990లో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ వారూ చేసింది అదే, లేబుళ్లు చదవడం, నంబర్లు రాసుకోవడం, నలుగురితో పంచుకోవడం. వాళ్లంతా కొన్నవన్నీ తనివితీరా విన్నారా అంటే వినలేదనే నా ఊహ. అవసరమైనప్పుడు ఫలానా రికార్డు ఫలానా చోట ఉందని చెప్పగలిగితే చాలు.

మన ఇళ్లలో నిజంగా వేరే ప్రతి లేనివి ఉన్నాయి. వాటినే ఎవరూ సేకరణ కింద లెక్కపెట్టరు. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న విజయవాడ కేంద్రం భక్తిరంజని, లలిత సంగీతం, శ్రీరామనవమి పందిట్లో జరిగిన కచేరీ, అమ్మమ్మ పాడిన మంగళహారతి, ఊళ్లో చెప్పించిన హరికథ, బుర్రకథ. ప్రసారమైనవన్నీ ఆకాశవాణి దగ్గరే భద్రంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు ఇల్లు అమ్మడానికి వచ్చినప్పుడు సినిమా పాటల హార్డ్‌డిస్కు సంచిలో వేసుకుంటారు, టేపుల పెట్టె పాత సామాన్లవాడికి వెళుతుంది.

ఆ టేపులకు గడువు దగ్గరపడుతోంది. రిబ్బను మీది పూత రాలిపోతుంది, లోపల రిబ్బనుని నొక్కిపట్టే ప్రెషర్ ప్యాడ్ ఊడిపోతుంది, తేమ తగిలినవాటికి బూజు పడుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించడం కష్టమేమీ కాదు, టేపు నడిచినంతసేపూ కూర్చోవాలి, అంతే. ఆ కూర్చున్న గంటలో ఎలాగూ వింటారు. ఎక్కించాక ఫైలుకు పేరు, ఊరు, ఏడాది, పాడినవారెవరో రాసిపెట్టాలి, అది తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే. దీనికి ముందుగా కావాల్సింది సరిగ్గా పనిచేసే క్యాసెట్ డెక్కు. మంచి డెక్కులు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తప్ప దొరకడం కష్టం, బెల్టు మార్చి హెడ్డు శుభ్రం చేసిచ్చే మెకానిక్కులు అంతకంటే అరుదు. ఈ నెల ఇంకో ఆల్బమ్ కొనే డబ్బులుంటే ముందు ఆ మెకానిక్కుకి ఇవ్వండి.