ఇమ్యూనిటీ పెంచుకుంటే చాలా?

"ఇమ్యూనిటీ పెంచుకోండి, ఏ రోగమూ దరిచేరదు" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం తెచ్చే ఏకకణ పరాన్నజీవి లీష్మేనియా ఎక్కడ కాపురం పెడుతుందో తెలుసా? క్రిముల్ని మింగి చంపడమే పనిగా పెట్టుకున్న మాక్రోఫేజ్ కణం కడుపులో! మింగిన క్రిమి మీద మాక్రోఫేజ్ సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ అనే ఘాటు రసాయనాలు కుమ్మరిస్తుంది. ఆ రెండూ కలిస్తే పెరాక్సినైట్రైట్, అది మరీ ఘాటు. పైగా అంతా ఆమ్లం. చాలా బ్యాక్టీరియా అక్కడే చస్తాయి. లీష్మేనియా మాత్రం అక్కడే ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది.

ఎలాగంటే, లోపలికి వెళ్లేటప్పుడే తన ఒంటి మీది పూతతో సూపరాక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ ముక్కలు ఒకచోట చేరకుండా అడ్డుపడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కి ముడిసరుకు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం. దాన్ని లాగేసుకుని తన ఎదుగుదలకు వాడుకుంటుంది.

సూపరాక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది కదా, అది దాన్ని విరగ్గొట్టే కెటలేజ్ అనే మన కణాల్లోని ఎంజైమ్ పని. లీష్మేనియాకి ఆ కెటలేజే లేదు! అయినా పెరాక్సైడ్‌ని తట్టుకుంటుంది. ఇలాంటి ఘాటు రసాయనాల్ని విరిచే పని మనలో గ్లూటాథయోన్ అనే చిన్న అణువు చేస్తుంది. లీష్మేనియా ఆ పనికి, రెండు గ్లూటాథయోన్‌లని స్పెర్మిడిన్ అనే మరో అణువుతో ముడివేసి ట్రైపనోథయోన్ అనే సొంత సరుకు తయారుచేసుకుంది. దీన్ని 1985లోనే కనిపెట్టారు. మనలో లేనిది, దానికి లేకపోతే గడవనిది. మందుకి ఇంతకంటే మంచి గురి ఏం కావాలి?

నా కోపమంతా ఇక్కడే. ఆ గురి కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన మందు ఇంతవరకూ రోగుల చేతికి రాలేదు. చుట్టుతిరిగి కొట్టేది ఒకటుంది, ఎఫ్లోర్నిథిన్. లీష్మేనియా చుట్టమే అయిన ట్రైపనోసోమా ఆఫ్రికాలో నిద్ర జబ్బు తెస్తుంది. స్పెర్మిడిన్ తయారీకి ఈ మందు అడ్డుపడితే, ఆ క్రిమికి ట్రైపనోథయోన్ కూడా కరువవుతుంది. 1990లో ఆమోదం వచ్చింది. కోమాలోకి జారుకున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకే లాభం లేదని తయారీ ఆపేశారు. జబ్బుపడ్డవాళ్లు పేదవాళ్లు మరి. అదే రసాయనం ఆడవాళ్ల ముఖం మీద వెంట్రుకలు తగ్గించే క్రీముగా మార్కెట్లోకి వచ్చాకే, 2001లో నిద్ర జబ్బు కోసం మళ్లీ తయారీ మొదలైంది.

మధ్యలో పోయిన ఆ ఏళ్లలో ఆ రోగులకి మిగిలింది ఆర్సెనిక్ ఉన్న మెలార్సొప్రోల్. దాని విషానికే కొందరు చనిపోయేవారు. ఇమ్యూనిటీ పెంచుకోమని వాళ్లకి చెప్పగలరా?