మాటలు ఇంగ్లిష్‌లో, పాటలు జపనీస్‌లో

బయటి దేశాల్లో పేరు రావాలంటే ఇంగ్లిష్‌లో పాడాల్సిందేనన్న నమ్మకం జపాన్‌లో ఇప్పటికీ పోలేదు. 2022లో వచ్చిన ఎక్స్‌జీ బృందంలో ఏడుగురూ జపాన్‌వాళ్లే. పాటలు మాత్రం దాదాపు అన్నీ ఇంగ్లిష్‌వే. బేబీమెటల్ ఆ దారి పట్టలేదు. 2010లో ముగ్గురు బడిపిల్లలతో మొదలైన ఈ గాయనీ బృందం, గిటార్లు, డ్రమ్ములు దద్దరిల్లే హెవీ మెటల్ రాక్ సంగీతపు హోరు మీద ప్రధానంగా జపనీస్‌లోనే పాడుతూ 2016 ఏప్రిల్ 2న లండన్ వెంబ్లీ అరీనాలో ప్రధాన కచేరీ చేసింది. అక్కడ ప్రధాన కచేరీ చేసిన తొలి జపాన్ బృందం ఇదే. 2025 మే 30న అదే ఊళ్లో, అంతకన్నా పెద్దదైన ఓ2 అరీనా వీళ్ల కచేరీకి నిండింది.

సంగీతానికి భాష లేదనేసి చేతులు దులుపుకోవచ్చు. నేనొప్పుకోను. భాష అడ్డే, కాకపోతే అన్నిచోట్లా కాదు. తమను నడిపించేది ‘నక్క దేవత’ అని బేబీమెటల్ ఒక గాథ అల్లుకుంది; విదేశీ కచేరీల్లో తెర మీద నడిచే ఆ గాథకు ఇంగ్లిష్ వ్యాఖ్యానం పెట్టారు. కథ అర్థం కావాలి కదా! పాట దగ్గరికొచ్చేసరికి జపనీస్‌ని కదిలించలేదు. అచ్చులతో ముగిసే పొట్టి అక్షరాలు డ్రమ్ము దెబ్బకొకటిగా పడతాయి; పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి లండన్ కుర్రాడూ అందుకోగలడు. ఇక చేతులకూ పని ఉంది. మధ్యవేలు, ఉంగరపు వేలు బొటనవేలికి ఆనించి, మిగతా రెండూ చెవుల్లా నిలబెడితే నక్క తల. కూచిపూడి నేర్చినవాళ్లకు అది సింహముఖ హస్తమే. వేల చేతులు ఒక్కసారి అలా లేస్తే, సాహిత్యం తెలియదన్న బెరుకు ఎవరికుంటుంది?

అయితే ఒక మెలిక ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన వీళ్ల ఆల్బమ్ ‘మెటల్ ఫోర్త్’ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 జాబితాలో 9వ స్థానానికి చేరింది. సభ్యులంతా జపాన్‌వాళ్లే అయిన బృందం తొలి పదిలోకి రావడం అదే మొదలు. ఆ ఆల్బమ్‌లోని పది పాటల్లో ఏడింట బయటి దేశాల అతిథి కళాకారులున్నారు, ఇంగ్లిష్ కూడా బాగానే వినిపిస్తుంది. పాత అభిమానుల గొణుగుడు నాకర్థమవుతుంది. కానీ అతిథుల్ని రప్పించుకునే స్థాయి జపనీస్ పాటలతోనే వచ్చింది.

ఆ అతిథుల్లో ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఒకటి. ఇంగ్లిష్‌తో హిందీ, పంజాబీ కలిపి పాడుతూ 2019లో జర్మనీలో వాకెన్, 2022లో జపాన్‌లో ఫుజీ రాక్ సంగీతోత్సవాలకు వెళ్లొచ్చింది. మరి తెలుగులో? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన గాయకులు పాడేది ఎక్కువగా మనవాళ్లకే. 2023 ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ తెలుగులోనే మోగింది, నిజమే. అది సినిమా వెంట వెళ్లిన ఒక్క పాట. బేబీమెటల్ 2014 జులైలో లండన్ ఫోరమ్‌లో, నవంబరులో అదే ఊళ్లో అంతకన్నా పెద్దదైన బ్రిక్స్‌టన్ అకాడమీలో పాడి, ఆ తర్వాతే వెంబ్లీకి వెళ్లింది. అలా మెట్టు మెట్టుకూ డబ్బు పెట్టి ఆగగల సంస్థ, సినిమా పాట మీదే బతికే మన సంగీత రంగంలో నాకింకా కనబడలేదు.