బోర్డు పోయిందండీ!

ఇండక్షన్ స్టవ్ మీద ‘ఈ3’ అని ఎర్రర్ కోడు పడగానే మెకానిక్ ముఖంలోకి ఎక్కడలేని గాంభీర్యం వచ్చేస్తుంది. ప్లగ్గు పెడతాడు. బీప్‌మంటుంది. తీసేస్తాడు. స్టవ్‌ను బోర్లించి ఓసారి తడతాడు. స్క్రూ మాత్రం ఒక్కటీ విప్పడు. ‘‘బోర్డు పోయిందండీ.’’ ఇంటిల్లిపాదీ తలలు దించుకుంటారు. ‘‘ఇంకేం చెయ్యలేమా బాబూ?’’ ‘‘లాభం లేదమ్మా, కొత్తది కొనుక్కోండి. పాతది నేను పట్టుకెళ్తాలెండి, మూడొందలిస్తా.’’ ఎంత జాలిగుండె! వారం తిరక్కుండా ఆ పోయిన బోర్డే అతని షాపులో సెకండ్‌హ్యాండ్ సరుకై, నిక్షేపంగా పాలు కాస్తుంటుంది.

కంపెనీలూ తక్కువ తినలేదు. ఒకరి ‘ఈ3’ సెన్సార్, మరొకరి ‘ఈ3’ వోల్టేజీ. మాన్యువల్ చూస్తే ‘సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి’ అనే మహావాక్యం.

కోడు సెన్సార్‌దే అయితే పని చిన్నది. ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగాలి. లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన డీసీ ఉంటుంది, అది దిగిందని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. గాజు పలక ఎత్తితే కాయిల్ నడుమ రెండు సన్నటి తీగల చివర చిన్న గాజు పూస కనిపిస్తుంది. గిన్నె వేడిని కనిపెట్టే ఎన్‌టీసీ సెన్సార్ అదే. దాని కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్‌ను 200కే (200 కిలోఓమ్‌ల) రేంజిలో పెట్టండి. చాలా స్టవ్‌లలో 25 డిగ్రీల దగ్గర 100 కిలోఓమ్‌లు చూపిస్తుంది. ఎండాకాలం 35 డిగ్రీల గదిలో 65 దాకా దిగితే కంగారొద్దు, వేడెక్కితే తగ్గడం దాని నైజం. గది చల్లగా ఉంటే, వేళ్లతో పట్టుకోగానే అంకె జారాలి. అంకె రాకుండా ‘ఓఎల్’ అనో ఉత్త ‘1’ అనో చూపిస్తే తీగ తెగింది, సున్నా అయితే షార్ట్. రీడింగు బాగుందా? కనెక్టర్‌లో జిడ్డు, పూసకూ గాజుకూ మధ్య వేడిని అందించే పేస్టు ఎండిపోవడం, బోర్డు మీద కాపురం పెట్టిన బొద్దింకలు... వీటిని చూడండి. సెన్సారే పోతే కొత్తది అదే విలువది కొనాలి. పెద్ద ఖరీదేం కాదు.

ఇక కొందరు మహానుభావులు ఆ కాస్త కూడా మిగుల్చుకుంటారు. సెన్సార్ పీకేసి, ఎంత వేడెక్కినా విలువ మారని రూపాయి రెసిస్టర్ అతికిస్తారు. కోడు పోతుంది, బిల్లు వస్తుంది. అప్పట్నుంచీ ఆ బోర్డు లెక్కలో గిన్నె ఎప్పుడూ చల్లగానే ఉంటుంది! మూకుడులో నూనె పొగలు కక్కి అంటుకున్నా అది చల్లగానే ఉందనుకుని కాస్తూనే ఉంటుంది. ఇది రిపేరా? వంటింట్లో నిప్పు పెట్టి, చేతికి డబ్బులు తీసుకుని పోవడం! గారెలు వేసుకునే ఆవిడకి ఈ సంగతి ఒక్కడైనా చెప్పి వెళ్తాడా?

రిపేరయ్యాక పాత సెన్సార్ చేతిలో పెట్టమనండి, కొత్తది చూపించమనండి. నీళ్లు నమిలితే మూత మళ్లీ విప్పించండి.