చెన్నై తెలుగు ఇంట్లో కుటుంబ ప్రార్థన: చదవలేని పిల్లలు, వినగలిగే విశ్వాసం

చెన్నైలోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎక్కడ కలిసినా కొన్నేళ్లుగా ఒకే చర్చ వింటున్నాను. ఉదయపు తెలుగు ఆరాధనకు పెద్దవాళ్లు వస్తున్నారు, పిల్లలు రావడం లేదు. వచ్చినా పాటల పుస్తకం తెరవడం లేదు, వాక్యం చదవమంటే తల దించుకుంటున్నారు. సాయంత్రం ఇంగ్లీషులో వేరే ఆరాధన పెట్టమని యవ్వనస్థులు అడుగుతున్నారు. పెడితే తెలుగు సంఘమనే పేరు ఎందుకని పెద్దలు అడ్డుపడుతున్నారు. మా సంఘంలోనూ ఈ మాట రెండుసార్లు పెద్దల సమావేశానికి వచ్చి, రెండుసార్లూ ఏదీ తేలకుండానే ముగిసింది. నా దృష్టిలో రెండు పక్షాలూ ఆదివారం గురించే ఆలోచిస్తున్నాయి. పిల్లలకు విశ్వాసం అబ్బేది ఆదివారం మందిరంలో కంటే ముందు ఇంట్లో, రాత్రిపూట జరిగే కుటుంబ ప్రార్థనలో. అక్కడ జరుగుతున్న నష్టాన్ని వదిలేసి మందిరంలో ఎన్ని ఆరాధనలు పెంచినా ఫలితం ఉండదని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

కుటుంబ ప్రార్థన అంటే తెలియని పాఠకుల కోసం కొంత వివరంగా చెప్పాలి. పెరంబూరులో నేను పెరిగిన ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ కట్టేసేవారు, అమ్మ చాప పరిచేది. ముందు ఒక కీర్తన పాడుకొని, బైబిల్లో ఒక అధ్యాయాన్ని వంతులవారీగా తలా రెండు మూడు వచనాలు చదివాక, నాన్న మోకరించి ప్రార్థన చేసేవారు; చివర ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెప్పుకునేవాళ్లం. ఇరవై నిమిషాల్లో అయిపోయేది. రైల్వే వర్క్‌షాపులో పగలంతా ఇనుముతో కుస్తీ పట్టి వచ్చి, ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని నాన్న, ఆ ఇరవై నిమిషాల్లోనే మాకు తన మనసు వినిపించేవారు. ఒంగోలు దగ్గర పల్లెలో మేనత్తకు ఆపరేషన్ జరిగిందనీ, ఈ నెల చీటీ డబ్బు కట్టలేకపోయామనీ, అక్క పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదనీ మాకు తెలిసింది ఆయన దేవునితో చెప్పుకుంటుండగా విన్నప్పుడే.

ఒక రాత్రి అమ్మకూ నాన్నకూ ఏదో మాట పట్టింపు వచ్చి ఇద్దరూ మౌనంగా ఉన్నారు. చాప పరిచారు, కీర్తన అయింది, అధ్యాయం అయింది. నాన్న మోకరించారు గానీ నోరు పెగలలేదు. కాసేపటికి లేచి అమ్మను వంటింట్లోకి పిలిచారు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. ఇద్దరూ తిరిగి వచ్చి పక్కపక్కనే మోకరించాక నాన్న ప్రార్థన మొదలైంది. క్షమాపణ మీద ఆ తర్వాత నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, వాటిలో ఒక్కటీ ఆ రాత్రి గుర్తున్నంతగా గుర్తు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో అదే ఎనిమిదిన్నరకు జరిగేది చెబితే ఈ నగరంలోని చాలా ఇళ్ల సంగతి చెప్పినట్టే. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లోని ఆఫీసు నుంచి నేను ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. నా భార్యది తిరునెల్వేలి. ఆమె పుట్టింట్లోనూ రాత్రి ప్రార్థన తప్పేది కాదు, కాకపోతే అది తమిళంలో. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి తెలుగు మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. వాళ్ల నాయనమ్మ ‘యెహోవా’ అన్నచోట వాడి నోట ‘కర్తర్’ అని వస్తుంది. ‘ప్రార్థన చేసుకుందామా’ అనడు, ‘జెబం పన్నలామా’ అంటాడు. నాయనమ్మ తన గదిలో ఫోన్‌లో తెలుగు ప్రసంగం వింటుంది, నా భార్య తమిళ కూటం చూస్తుంది, వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఇంగ్లీషు ఆరాధన పాటలు వింటాడు. అందరికీ భక్తి ఉంది. అది ఎవరి ఫోన్‌లో వాళ్లకు ఉంది.

పిల్లలకు అక్షరాలు రాకపోవడానికి కారణం వెతకడం కష్టం కాదు. నగరంలో తెలుగు మాధ్యమం చాలాకాలంగా సన్నగిల్లుతూ వచ్చింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ అది 2016 నాటికి పదో తరగతి పరీక్షలకు చేరింది. మినహాయింపుల కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్లారు. ఇక్కడ పుట్టి ఇక్కడే బతికే పిల్లవాడు తమిళం చక్కగా నేర్చుకోవడం న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే దాని పర్యవసానం మన చాప మీద కనబడింది. వంతు వచ్చినప్పుడు చదవలేని పిల్లవాడు ఒకరోజు సిగ్గుపడతాడు, రెండో రోజు హోంవర్క్ ఉందంటాడు, మూడో రోజు నుంచి తల్లిదండ్రులే పిలవడం మానేస్తారు.

ఇక్కడే మన చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే చదువు రాకపోతే విశ్వాసం నిలవదన్న భయానికి అది సమాధానం చెబుతుంది. 1876–78 నాటి మహా కరువులో కరువు సహాయ పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్న జనానికి, ముఖ్యంగా మాదిగ పల్లెల వారికి, పని చూపించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువ ఇప్పటికీ చెన్నై మధ్య నుంచే పోతుంది. మైలాపూరు వైపు ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు దిగింది అందులోనే. ఆ రైల్లో వెళ్లినప్పుడల్లా కిందికి చూస్తాను, నీళ్లు నల్లగా ఉన్నా సరే.

ఆ 2,222 మందిలో అత్యధికులకు అక్షరం ముక్క రాదు. వారి ముందు ఉంచిన నియమాలు కూడా పుస్తకం పట్టనవసరం లేనివి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మిగిలినదంతా పొద్దుగూకాక పల్లెలో కూర్చొని చెవులతో విన్నారు, నోటితో పాడారు. తరువాతి దశాబ్దాల్లో బైబిలు స్త్రీలు అని పిలుచుకున్న సువార్తికురాళ్లు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యాలు కంఠతా పట్టించారు. రోమా పత్రికలోని ‘వినుట వలన విశ్వాసము కలుగును’ అన్న మాట మన పూర్వులకు ఉపమానం కాదు, ఉన్నదున్నట్టు వారి అనుభవం. పాటల సంగతీ అంతే. క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలో కట్టిన కీర్తనల తలకట్టున పుస్తకంలో రాగం, తాళం పేర్లు ఉంటాయి గానీ స్వరం ఉండదు. ఆ బాణీ ఎవరో ఒక నాయనమ్మ గొంతు నుంచి మనవడి చెవికి చేరాల్సిందే. పౌలు తిమోతికి రాసినప్పుడు అతనిలోని నిష్కపటమైన విశ్వాసం మొదట ‘అవ్వయైన లోయిలోను’, తర్వాత తల్లి యునీకేలోను ఉండేదని ఇంటి మనుషుల పేర్లు పెట్టి మరీ గుర్తు చేశాడు.

ఇంగ్లీషు ఆరాధన అడిగే పిల్లల వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. ‘ఏలయనగా’, ‘వలెను’ వంటి మాటలతో సాగే మన బైబిలు భాష ఒంగోలులో తెలుగు చదువుకునే పిల్లలకే కష్టం, ఇక చెన్నైలో చెప్పాలా? గంటసేపు అర్థం కాని ప్రసంగం వినమనడం వారిపట్ల దయ కాదు. వాళ్లకు అర్థమయ్యే భాషలో వాక్యం అందాలి, సందేహం లేదు. నా అభ్యంతరమల్లా వేళలను విడదీయడం మీదే. ఉదయం నాయనమ్మ, సాయంత్రం మనవడు వేర్వేరు ఆరాధనలకు వెళ్లిన ఇంట్లో, ఆ రోజు పాస్టరు అయ్యగారు చెప్పిన వాక్యం గురించి భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. సంఘం రెండుగా చీలకుండా చూసుకుంటున్నామనుకుంటూ ఇళ్లను చీలుస్తున్నాం.

రెండు భాషలు ఒకే కూటంలో ఇమడవని అనేవారికి ఈ నగరమే జవాబు. సువార్తికుడు బక్త్ సింగ్ 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే సంఘాన్ని ఆరంభించారు. పంజాబు నుంచి వచ్చిన ఆయన తెలుగులోనో తమిళంలోనో ప్రసంగించలేదు. ఆయన ఒక వాక్యం చెబితే అనువదించేవారు దాన్ని జనం భాషలోకి మార్చేవారు. అందరూ ఒకేచోట కూర్చొని విన్నారు, ఆ తర్వాత ఒకే పంక్తిలో ప్రేమ విందు తిన్నారు. అనువాదం వల్ల ప్రసంగం సాగుతుందని విసుక్కోవచ్చు. ప్రసంగాన్ని సగం చేసుకుంటే సరిపోతుంది, దానివల్ల నష్టపోయేవారు ఎవరూ లేరు.

ఇల్లు మళ్లీ మందిరం కాగలదని మనం ఈ మధ్యనే చూశాం. 2020 మార్చి లాక్‌డౌన్‌తో మందిరాలు మూతపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్ ఇళ్లలోనే గడిచాయి. అప్పుడు మా ఇంట్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను మేమే పంచుకున్నాం. అమ్మా నేనూ తెలుగులో, నా భార్య తమిళంలో మాట్లాడాం, రెండో తరగతిలో ఉన్న మా అబ్బాయి ‘దప్పిగొనుచున్నాను’ అన్న ఒక్క మాట నేర్చుకొని చెప్పాడు. ఎవరి భాష ఎవరికీ అడ్డు రాలేదు. మందిరం తలుపులు తెరిచాక మళ్లీ పాత అలవాటులో పడిపోయాం. ఆ తప్పు నాదే, ఎవరి మీదా వేయను.

అందుకే సంఘ పెద్దలకు నా మనవి ఆరాధన వేళల గురించి కాదు. సౌండ్ సిస్టంకు, స్టేజీ వెనక వెలిగే తెరకు పెడుతున్న శ్రద్ధలో కొంత ఇళ్ల మీద పెట్టండి. అయ్యగారు, అమ్మగారు ఇంటి దర్శనానికి వచ్చినప్పుడు టీ తాగి ప్రార్థించి వెళ్లిపోకుండా, ఆ ఇంటి పిల్లలను కూర్చోబెట్టి ఒక కీర్తన బాణీ అందించి వెళ్లాలి. సండే స్కూల్లో కంఠత వాక్యాలను ఏ లిపిలో రాసుకున్నా ఒప్పుకోవాలి, పలకడం మాత్రం ఇంటి భాషలో పలికించాలి. తెల్లవారుజామునే పనికి వెళ్లే పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లకూ, రాత్రి షిఫ్టు ఉద్యోగుల ఇళ్లకూ ఎనిమిదిన్నర కుదరదు. వాళ్లకు వారానికి రెండు రోజులైనా చాలు, ఏ వేళైనా చాలు. అందరూ ఒక చాప మీదికి రావాలన్నదే అసలు విషయం.

మా ఇంట్లో పోయిన శ్రమల దినాల (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) నుంచి మళ్లీ మొదలుపెట్టాం, వారానికి మూడు రాత్రులు, పదింటికి. బైబిల్లోని ఇరవై మూడో కీర్తనను మా అబ్బాయి నాయనమ్మ చెబుతుంటే తమిళ లిపిలో నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మొన్న వాడి వంతు వచ్చినప్పుడు ‘కాడాందగారపు లోయలో’ అని చదివాడు. “గాఢాంధకారం నాన్నా, గా... ఢా,” అని నాయనమ్మ దిద్దింది. వాడు పెన్ను తీసుకొని దిద్దబోయి ఆగిపోయాడు. ఆ లిపిలో ‘గ’కూ ‘ఢ’కూ వేరే అక్షరాలు లేవు. పెన్ను పక్కన పెట్టి, ఆమె నోటి వైపు చూస్తూ, మళ్లీ చెప్పమన్నాడు.