సవరణ: ‘టి’ గుర్తున్నా తిట్లు ఉండొచ్చు

బీసెంట్ రోడ్డులో పిల్లలకి గేమ్ డిస్కులు కొనేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, డబ్బా మీద ‘టి’ అక్షరం ఉంటే అందులో బూతులు ఉండవని రాశాను. అది తప్పు. వీడియో గేమ్‌లకి వయసు రేటింగ్ ఇచ్చే అమెరికా సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఇచ్చిన వివరణ ప్రకారం ‘టి’ అంటే 13 ఏళ్లు, ఆపైన. ఘాటైన తిట్లు కూడా అరుదుగా ఉండొచ్చు. 17 ఏళ్లు, ఆపైనవాళ్లకి ‘ఎమ్’.

అసలు చూడాల్సింది డబ్బా వెనక్కి తిప్పి. అక్కడ ‘లాంగ్వేజ్’ అని ఉంటే ఓ మోస్తరు తిట్లు, ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అంటే పచ్చి బూతులో, మాటిమాటికీ తిట్లో. ట్రైలర్‌లో వినపడలేదని గేమ్‌లో లేవనుకోవద్దు. ఆన్‌లైన్‌లో అవతలి కుర్రాడు హెడ్‌సెట్‌లో తిట్టేవి మాత్రం ఈ రేటింగులోకి రావు. మన బెజవాడ ఇళ్లల్లో గొడవ ఎక్కువగా వాటితోనే అనుకోండి!