చావు లెక్కకు దొరకని విషం

పురుగుమందుకు అనుమతి ఇచ్చేముందు అధికారులు ముందుగా అడిగేది ఎంత మోతాదుకు జీవి చస్తుందని. చంపకుండా, లోపలి హార్మోన్ల లెక్కలు తారుమారు చేసే రసాయనాలకు ఈ ప్రశ్న తగలదు. అది తెలిసీ దశాబ్దాలుగా ఇదే పద్ధతి పట్టుకు వేలాడడం మాకు అర్థం కాని విషయం.

అమెరికాలోని ఫ్లోరిడాలో అపోప్కా సరస్సు ఉంది. 1980లో దాని పక్కనున్న రసాయన కంపెనీ నుంచి డైకోఫాల్ అనే పురుగుమందు, దాంతోపాటు డీడీటీ అనే మరో పురుగుమందు నీళ్లలోకి చేరాయి. పొలాల మందులు అప్పటికే చేరుతున్నాయి. కొన్నేళ్లలోనే అక్కడి ఆలిగేటర్ మొసలి పిల్లల సంఖ్య దాదాపు 90 శాతం పడిపోయింది. ఆ నష్టం కంటికి కనబడింది. బతికిన పిల్లల సంగతి మాత్రం 1994లో గానీ లోకానికి తెలియలేదు. శాస్త్రవేత్త లూయీ గిల్లెట్ బృందం వాటి రక్తం పరీక్షిస్తే, ఆరు నెలల ఆడపిల్లల్లో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్, పోలిక కోసం తీసుకున్న వుడ్రఫ్ సరస్సు పిల్లలకంటే ఇంచుమించు రెట్టింపు ఉంది. మగవాటిలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ వుడ్రఫ్ మగవాటికి ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేదు. అంటే, వుడ్రఫ్‌లోని ఆడవాటికి ఎంతుందో అంతే. అండాశయాల్లో ఒక్కో తిత్తిలో ఒకే అండం ఉండాల్సింది, ఒకటికి మించి కనిపించాయి.

మొసలి గుడ్డులో పిల్ల ఆడదో మగదో ముందే రాసిపెట్టి ఉండదు. పొదిగే వేడి తేలుస్తుంది: 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి, 30 దగ్గర ఆడవి. ఆ వేడి కబురు మోసేవి హార్మోన్లే. తల్లి కొవ్వులో పేరుకున్న రసాయనాలు పచ్చసొనతో గుడ్డులోకి దిగి ఆ కబురును చెడగొడతాయి. ఎర్రచెవి తాబేళ్ల గుడ్లను మగపిల్లలు పుట్టే వేడిలో పొదిగిస్తూ, పెంకుపై పీసీబీలనే పారిశ్రామిక రసాయనాల్లో కొన్నింటిని పూస్తే ఆడపిల్లలు పుట్టాయి. మందు తీవ్రతే కాదు, ఏ రోజున తగిలిందన్నదీ ముఖ్యమే.

అపోప్కా ఒక ప్రమాదం, దాన్ని అన్నిచోట్లకూ అంటగట్టకండి అని కంపెనీలు వాదించవచ్చు. సరే, మోతాదు వేరు. కానీ మొసలి ఒంట్లో తిరిగే ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ మన ఒంట్లోవే.

ప్రభుత్వాల తీరు చూద్దాం. హార్మోన్లపై ప్రభావం పరీక్షించాలని అమెరికా 1996లో చట్టం చేసింది. తొలి విడత 52 రసాయనాల ఫలితాలు 2015లో వచ్చాయి. డైకోఫాల్, ప్రమాదకర రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందం నిషేధ జాబితాకు ఎక్కింది 2019లో, అపోప్కా దుర్ఘటన జరిగిన 39 ఏళ్లకు!

అందుకే గుడ్డు దశలో పరీక్ష జరగనిదే కొత్త మందుకు అనుమతి ఇవ్వకూడదు. ఆ ఖర్చు కంపెనీదే, ఫలితాలు అందరూ చూసేలా ఉండాలి. నిషేధించిన మందుకు దగ్గరి చుట్టమైన మరో రసాయనాన్ని కొత్త పేరుతో తెస్తే, హాని లేదని రుజువు చేసుకునే వరకు అది గోదాం దాటకూడదు.